కోట గోడ కొనిపెట్టే రోజులు

ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ 1196లో నార్మండీలో, సెయిన్ నది వంపు మీదున్న ఒక సున్నపురాతి కొండపై కోట కట్టడం మొదలుపెట్టాడు. 1198 కల్లా పని దాదాపు పూర్తయింది. ఆ రోజుల్లో అంత కోట రెండేళ్లలో లేవడం మామూలు విషయం కాదు. ఖర్చు సుమారు 12,000 పౌండ్లు. అతని తండ్రి డోవర్ కోట మీద దాదాపు పదేళ్లపాటు పెట్టిన ఖర్చు 7,000 దాకా ఉంటుంది. గోడలు వెన్నతో కట్టినా సరే, ఈ కోటను నిలబెడతానని రిచర్డ్ అన్నట్టు ఆ కాలపు రచయిత జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాశాడు. ఆ కోట పేరు షాటో గైయార్. 1199లో రిచర్డ్ చనిపోయాడు. ఐదేళ్లు తిరక్కుండానే, 1204 మార్చి 6న, కోట ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్ వశమైంది.

గోడలు నాసిరకంగా కట్టారా అంటే లేదు. పశ్చిమ ఐరోపాలో ఆనాటికి తెలిసిన మంచి పద్ధతులన్నీ ఆ కొండ మీద ఉన్నాయి. మరి ఎందుకు పడిపోయింది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే కోట గోడ ఎందుకు కడతారో ముందు చూడాలి. శత్రువును ఎప్పటికీ లోపలికి రానివ్వకపోవడమే గోడ పని అనుకుంటే చరిత్రలో చాలా గొప్ప కోటలు ఓడిపోయినట్టే లెక్క. నిజానికి గోడ చేయాల్సిన పనులు రెండే. లోపలున్న కొద్దిమంది బయటున్న పెద్ద సైన్యాన్ని ఎదుర్కోగలిగేలా చేయడం ఒకటి, రోజులు సంపాదించిపెట్టడం రెండోది. ఆ రోజుల్లోపు బయటి నుంచి సాయం రావాలి. రాకపోతే ఎంత మందపు గోడైనా లాభం లేదు.

మొదటి పని ఎంత బాగా చేసేదో వేల్స్‌లోని కోటలు చూపిస్తాయి. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌ను జయించాక కాన్వీ కోటకు 1284లో నియమించిన కాపలా దళం 30 మంది. వాళ్లలో క్రాస్‌బో, అంటే మీట నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు, వాడేవాళ్లు 15 మంది. మిగతావాళ్లలో చర్చి గురువు, వడ్రంగి, కమ్మరి, రాతి మేస్త్రీ కూడా ఉన్నారు. ఎనిమిది పెద్ద బురుజులున్న కోటకు అంతే మంది! 1403లో, ఆ తర్వాతి ఏడాదీ ఇంగ్లండ్ మీద తిరగబడ్డ వేల్స్ నాయకుడు ఓవైన్ గ్లిన్‌డూర్ సేనలు, వాటికి తోడుగా వచ్చిన ఫ్రెంచ్ దళాలు కెర్నార్వన్ కోటను చుట్టుముట్టినప్పుడు లోపల ఉన్నది సుమారు ముప్పై మందే. కోట పడలేదు. జీతమిచ్చి పెద్ద సైన్యాన్ని ఏళ్ల తరబడి పోషించడం రాజుకు తలకు మించిన భారం. గోడకు ఒకసారి పెట్టుబడి పెడితే జీతాలు తగ్గుతాయి. కోట కట్టడం ఆ రకంగా ఖజానా లెక్క కూడా.

ముట్టడి వేసినవాడికి కాలం మరీ పగవాడు. వేలమంది సైనికులు ఒకేచోట నెలల తరబడి గుడారాల్లో ఉంటే చుట్టుపక్కల తిండిగింజలు, మేత అయిపోతాయి. రోగాలు మొదలవుతాయి. నైట్లు, అంటే గుర్రపు యోధులు, తమ ప్రభువుకు ఉచితంగా చేయాల్సిన సేవ ఆచారం ప్రకారం ఏడాదికి 40 రోజులు మాత్రమే. ఆపైన ఉంచుకోవాలంటే డబ్బు ఇవ్వాలి. అందుకే గోడ లోపలివాళ్లు యుద్ధం గెలవనక్కర్లేదు, ఓడిపోకుండా ఉంటే చాలు.

ఇక గోడ నిర్మాణం. దూరం నుంచి చూస్తే కోట గోడ మొత్తం చెక్కిన రాతి దిమ్మెలే అనిపిస్తుంది. చాలావరకు అలా ఉండదు. బయట ఒక రాతి వరస, లోపల ఒక రాతి వరస కట్టి, మధ్యలో పలుగురాళ్లు, రాతి ముక్కలు, సున్నం కలిపి దట్టించేవారు. గోడ బరువూ మందమూ ఎక్కువగా ఈ మధ్య భాగానివే. సున్నం గాలి తగులుతూ మెల్లగా గట్టిపడుతుంది. మూడు నాలుగు మీటర్ల మందం ఉన్న గోడలో నడిమి సున్నం పూర్తిగా గట్టిపడటానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. తడి సున్నంలోకి మంచు చేరితే పగుళ్లు వస్తాయి కాబట్టి ఇంగ్లండ్, ఫ్రాన్స్ లాంటి చలిదేశాల్లో తాపీ పని వసంతంలో మొదలై శరదృతువు చివరికి ఆగిపోయేది. అప్పటిదాకా లేచిన గోడ పైభాగాన్ని గడ్డితో, పేడతో కప్పి శీతకాలం గడిపేవారు. ఫ్రాన్స్‌లోని బర్గండీలో గెడలోన్ అనే చోట 1997 నుంచి 13వ శతాబ్దపు పద్ధతుల్లోనే ఒక కోటను కడుతున్నారు. రాయి కొట్టడం, సున్నం కాల్చడం, మనిషి లోపల నడుస్తూ తిప్పే చక్రంతో బరువులెత్తడం అన్నీ పాత పద్ధతే. పుస్తకాల్లో దొరకని పనివాళ్ల తెలివి అక్కడ మళ్లీ బయటపడుతోంది, ఎంతో విలువైన ప్రయత్నం అది.

ఇంకో సంగతి. ఇప్పుడు మనకు కనిపించే బోసి రాతి గోడలు చాలావరకు అప్పటి రూపం కాదు. చాలా కోటలకు గిలాబు చేసి వెల్ల వేసేవారు. లండన్‌లోని వైట్ టవర్‌కు మూడో హెన్రీ 1240లో వెల్ల వేయించాడు. వాన నీరు రాళ్ల సందుల్లోకి దిగకుండా అది కాపాడేది. మైళ్ల దూరం నుంచి తెల్లగా మెరిసే గోడ చూసేవాడికి ఒక హెచ్చరిక కూడా.

గోడను కొట్టాలనుకునేవాడు ఎక్కడ కొడతాడు? సినిమాల్లో రాళ్లు విసిరే యంత్రాలు, నిచ్చెనలు కనిపిస్తాయి. నిజంగా భయపడాల్సింది నేలలోంచి వచ్చేవాణ్ణి. గోడ పునాది కిందికి సొరంగం తవ్వి, తవ్వినంత మేరా పైకప్పుకు కర్ర గుంజలు నిలబెట్టి, చివరికి ఆ గుంజలకు నిప్పుపెడతారు. గుంజలు కాలిపోగానే పైనున్న గోడ తన బరువుకు తానే కూలుతుంది. గోడ ఎంత మందంగా, ఎంత ఎత్తుగా ఉంటే అంత బరువు. పై నుంచి కాపాడే గుణమే కింద నుంచి చేటు తెస్తుంది.

దీనికి మిగిలిన సాక్ష్యాల్లో ఇంగ్లండ్‌లోని రోచెస్టర్ కోటను మించింది లేదు. 1215 అక్టోబరులో తిరుగుబాటు ప్రభువులు ఆ కోటలో చేరితే, రిచర్డ్ తర్వాత గద్దెనెక్కిన తమ్ముడు జాన్ రాజు ముట్టడి వేశాడు. నడిమి బురుజు, అంటే కీప్, 34 మీటర్ల ఎత్తు, గోడలు మూడున్నర మీటర్ల మందం. జాన్ మనుషులు దాని ఆగ్నేయ మూల కిందికి తవ్వారు. నవంబరు 25న రాజు తన అధికారి హ్యూబర్ట్ డి బర్గ్‌కు పంపిన ఆదేశం ఇప్పటికీ ఉంది: తినడానికి పనికిరాని, బాగా కొవ్వు పట్టిన పందులను 40 పంపాలి, బురుజు కింద నిప్పు పెట్టడానికి. ఆ కొవ్వుతో గుంజలు అంటుకున్నాయి, మూల మొత్తం కూలింది. అప్పటికీ లోపలివాళ్లు లొంగలేదు. కీప్ మధ్యలో ఒక అడ్డుగోడ ఉంది. దాని వెనక్కి తప్పుకుని, గుర్రాలను కోసుకుని తింటూ పోరాడారు. చివరికి నవంబరు 30న వాళ్లను లొంగదీసింది ఆకలే.

రోచెస్టర్‌కు వెళ్తే ఇప్పుడు కూడా ఆ కథ కంటికి కనిపిస్తుంది. కీప్ నాలుగు మూలల్లో మూడు చదరంగా ఉంటాయి, ఆగ్నేయ మూల మాత్రం గుండ్రంగా ఉంటుంది. కూలినదాన్ని తర్వాతి రాజు కాలంలో గుండ్రంగా కట్టారు. గుండ్రటి బురుజుకు ముందుకు పొడుచుకొచ్చే మూల ఉండదు కాబట్టి తవ్వేవాడికి అంత తేలికైన చోటు దొరకదు. విసిరిన రాయి సూటిగా తగలకుండా జారిపోయే అవకాశం కూడా ఉంటుంది. మరో లాభం చూపుకు సంబంధించింది. చదరపు బురుజు మూల ముందు కొంత నేల పక్క బురుజుల్లోని విలుకాండ్రకు కనపడదు, గుండ్రటి బురుజు దగ్గర ఆ చాటు బాగా తగ్గిపోతుంది. అలాగని చదరపు బురుజులన్నీ అమాయకత్వమనీ, గుండ్రటివన్నీ ప్రగతి అనీ ఒక గీత గీయడం సరికాదు. గుండ్రటి బురుజులు అందరికీ తెలిశాక కూడా గదులకు వీలుగా ఉంటాయని చదరపువి కడుతూనే వచ్చారు.

తవ్వకానికి అసలైన జవాబులు నేల దగ్గరే ఉన్నాయి. కోటను గట్టి రాతి మీద కట్టడం మొదటిది. చుట్టూ నీళ్ల కందకం పెట్టడం రెండోది, ఎందుకంటే నీళ్ల కింద సొరంగం మునిగిపోతుంది. గోడ అడుగును ఏటవాలుగా బాగా లావు చేయడం మూడోది. సిరియాలో క్రైస్తవ మతయోధుల సంఘమైన హాస్పిటలర్ నైట్లు కట్టిన క్రాక్ డి షెవాలియే కోట లోపలి గోడకు దక్షిణ వైపున ఈ ఏటవాలు చిన్న కొండలా ఉంటుంది. పై నుంచి పడేసిన రాయి దానికి తగిలి ముందుకు ఎగిరి శత్రువుల మీద పడుతుంది కూడా.

గోడ పైభాగం గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. పిట్టగోడలో ఎత్తు పల్లాలు విలుకాడు దాక్కోవడానికి, బాణం వేయడానికి. గోడ అడుగున చేరినవాణ్ణి కొట్టాలంటే పైనున్నవాడు బయటికి వంగాలి, వంగితే బాణానికి దొరుకుతాడు. అందుకని యుద్ధం వస్తే గోడ బయటికి పొడుచుకొచ్చేలా చెక్క వసారా వేసి, దాని నేలలో కన్నాలు పెట్టి రాళ్లు జారవిడిచేవారు. దూలాలు దూర్చిన రంధ్రాలు చాలా కోటల గోడల్లో ఇంకా ఉన్నాయి. చెక్క కాలిపోతుంది కాబట్టి పోను పోను అదే వసారాను రాతితో కట్టారు. మరిగే నూనె పోసేవారన్న కథకు మాత్రం అంత బలం లేదు. నూనె ఖరీదైన సరుకు. రాళ్లు, వేడినీళ్లు, కాల్చిన ఇసుక, పొడి సున్నం చేతికి దొరికేవి.

ఇప్పుడు షాటో గైయార్ ముట్టడిలోకి వెళ్దాం. కోటలో వరసగా మూడు ఆవరణలు, మధ్యలో కందకాలు. కొండకు మూడు వైపులా నిట్టనిలువు జారుడు, ఆగ్నేయం వైపు మాత్రమే మెట్టనేలతో కలుస్తుంది. శత్రువు అటే రావాలి. ముందు బయటి ఆవరణ గెలవాలి, తర్వాత నడిమిది, తర్వాత లోపలిది. లోపలి గోడ బయటి ముఖం అలలు అలలుగా, అర్ధచంద్రాకారపు ఉబ్బులతో ఉంటుంది. సొట్టలేని చదునైన చోటు కనపడనివ్వకుండా, విసిరిన రాయి పక్కకు జారేలా చేసిన ఏర్పాటు అది. ఆ కాలపు కోటల్లో ఇలాంటి గోడ చాలా అరుదు.

ఫిలిప్ 1203 వేసవి చివర వచ్చాడు. తొందరపడి గోడల మీదికి వెళ్లలేదు. ముందు నది మీది దారిని, కింద ఊరిని పట్టుకున్నాడు. ఆ తర్వాత కొండ చుట్టూ కందకాలు తవ్వించి, కర్ర బురుజులు కట్టించి కూర్చున్నాడు. ఊరి జనం వెయ్యిమందికి పైగా కోటలోకి పారిపోయారు. కోట అధిపతి రోజర్ డి లేసీ దగ్గరున్న తిండి తన సైనికులకే లెక్క. అతను జనాన్ని విడతలుగా బయటికి పంపేశాడు. మొదట వచ్చినవాళ్లను ఫ్రెంచ్ సైనికులు పోనిచ్చారు. తర్వాత ఫిలిప్ ఎవర్నీ వదలొద్దన్నాడు. వెనక్కి వెళ్తే కోట తలుపు తెరవలేదు. కొన్ని వందలమంది, వాళ్లలో ముసలివాళ్లూ పిల్లలూ, గోడకూ ఫ్రెంచ్ కందకానికీ మధ్య చలికాలంలో గడ్డి తింటూ చిక్కుకుపోయారు. చాలామంది చనిపోయాక, మిగిలినవాళ్లను ఫిలిప్ చివరికి పోనిచ్చాడు. కోట గోడల గురించి రాసేటప్పుడు మందాలు, ఎత్తులు చెప్పి ఈ మాట వదిలేస్తే సగమే చెప్పినట్టు. గోడ లోపలివాళ్లను బతికించేది ఎవరిని బయట ఉంచాలో తేల్చుకున్నాకే. ఆ లెక్కలో పేదలు ఎప్పుడూ బయటే మిగిలారు.

1204 ఫిబ్రవరి చివర అసలు దాడి మొదలైంది. కందకంలోకి దిగిన ఫ్రెంచ్ వాళ్లకు అవతలి గట్టు ఎక్కడానికి నిచ్చెనలు చాలలేదు. మెత్తటి సున్నపురాతిలో బాకులు గుచ్చి పట్టు చేసుకుంటూ ఎక్కారు. ముందు వైపు బురుజు కింద తవ్వి దాన్ని కూల్చారు, బయటి ఆవరణ పోయింది. నడిమి ఆవరణ గోడ బలమైనదే. అయితే రిచర్డ్ తర్వాత జాన్ రాజు అక్కడ ఒక కట్టడం చేర్చాడు, దాని కిటికీ బయటి వైపుకు ఉంది. కొందరు సైనికులు ఆ కిటికీలోంచి దూరారు. మరుగుదొడ్డి గొట్టంలోంచి వచ్చారన్న కథనం ఇంకా ప్రసిద్ధం. దారి ఏదైనా, గోడను పడగొట్టకుండానే రెండో ఆవరణ చేతులు మారింది. లోపలి ఆవరణకు వెళ్లే వంతెనను కొండ రాయినే వదిలేసి చెక్కారు, పైకి ఎత్తేయడానికి వీల్లేదు. దాని చాటునే తవ్వకందార్లు పనిచేశారు. వాళ్లను ఆపడానికి లోపలివాళ్లు ఎదురు సొరంగం తవ్వారు, రెండు తవ్వకాలతో గోడ ఇంకా బలహీనపడింది. పెద్ద రాళ్లు విసిరే యంత్రం మిగతా పని పూర్తిచేసింది. లొంగిపోయినవాళ్లు నూట యాభై మంది దాకా.

ఒక కిటికీ, ఎత్తలేని ఒక వంతెన, ఒక ఎదురు సొరంగం. గోడ బలంగా ఉన్న చోట ఎవరూ దాన్ని గెలవలేదు. అయినా పతనానికి అసలు కారణం ఇవి కూడా కావు. ముట్టడి మొదట్లోనే జాన్ సాయం పంపాడు. విలియం మార్షల్ నాయకత్వంలో నేల మీద ఒక దళం, నది మీద పడవల దళం రాత్రిపూట ఒకేసారి దెబ్బతీయాలి. ప్రవాహానికి ఎదురీదాల్సిన పడవలు ఆలస్యమయ్యాయి. నేల మీది దళం ఒంటరిగా వచ్చి ఓడింది, తర్వాత వచ్చిన పడవలూ ఓడాయి. 1203 డిసెంబరులో జాన్ నార్మండీ వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి గోడ సంపాదించిన రోజులకు విలువ లేకుండా పోయింది. ముట్టడి ఆరు నెలలకు పైగా సాగింది. ఆరు నెలలంటే రాజు ఒక సైన్యాన్ని కూడగట్టడానికి చాలా ఎక్కువ సమయం. రిచర్డ్ కట్టిన గోడ తన పని తాను చేసింది, అవతలి సగం పని చేయాల్సిన మనిషి చేయలేదు. 1204 జూన్ 24న నార్మండీ రాజధాని రూఆన్ కూడా లొంగిపోయింది.

రోచెస్టర్‌లోనూ ఇంతే. లండన్‌లో ఉన్న తిరుగుబాటు ప్రభువులు సాయానికి బయల్దేరి డార్ట్‌ఫర్డ్ దాకా వచ్చి వెనక్కి తిరిగారు. 1271లో ఈజిప్టును ఏలిన మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ క్రాక్ డి షెవాలియేను ముట్టడించినప్పుడు లోపలి గోడ చెక్కుచెదరలేదు. ఇక ఆదుకునేవాళ్లు లేరు, లొంగిపొమ్మని పై అధికారి రాసినట్టున్న ఒక ఉత్తరం రావడంతో కోటవాళ్లు తలుపు తీశారు. ఆ ఉత్తరం నకిలీదని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అసలుదైనా నకిలీదైనా, అంత గోడ వెనకున్న మనుషులు దాన్ని నమ్మే స్థితిలో ఉన్నారు.

సాయం దారి తెరిచి ఉంటే ఏమవుతుందో వేల్స్‌లో ఎడ్వర్డ్ కోటలు చెబుతాయి. వాటిని సముద్రం లేదా నది పక్కనే కట్టడం కాకతాళీయం కాదు. హార్లెక్ కోట నుంచి కొండ కిందికి, అప్పటి తీరం దాకా గోడల కాపలాతో మెట్ల దారి ఉంది. 1294లో వేల్స్ నాయకుడు మాడోగ్ తిరుగుబాటు చేసి నేల వైపు దారులు మూసేస్తే ఐర్లండ్ నుంచి ఓడల్లో సరుకులు వచ్చాయి, కోట నిలబడింది. అదే హార్లెక్ 1404లో గ్లిన్‌డూర్ చేతికి పోయింది. గోడలు మారలేదు, అప్పటికి లోపల ఆయుధాలు కూడా సరిపడా లేవు. కాన్వీ పోయిన తీరు ఇంకా చిత్రం. 1401 గుడ్ ఫ్రైడే రోజు కాపలా దళంలో చాలామంది చర్చికి వెళ్లారు. గ్లిన్‌డూర్ బంధువుల మనుషులు వడ్రంగులమని చెప్పి లోపలికొచ్చి ఇద్దరు కాపలావాళ్లను చంపి కోట పట్టుకున్నారు.

కట్టడం ఖర్చు కూడా గోడ బలంలో భాగమే. వేల్స్‌లోని బ్యూమారిస్ కోటను 1295లో మొదలుపెట్టారు. గోడ లోపల గోడ, బయటి వలయంలో కందకం. లోపలి గోడ 11 మీటర్ల ఎత్తు, నాలుగున్నర మీటర్లు దాటిన మందం. మొదటి గోడ గెలిచి లోపలికొచ్చినవాడు రెండు గోడల మధ్య సందులో చిక్కుకుని, ఎత్తైన లోపలి గోడ మీది బాణాలకు దొరుకుతాడు. మేస్త్రీ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ 1296 ఫిబ్రవరిలో ఖజానాకు పంపిన ఉత్తరంలో లెక్కలు చూస్తే గుండె గుభేలంటుంది: 400 మంది రాతిపనివాళ్లు, 2,000 మంది కూలీలు, 200 మంది రాతి గని పనివాళ్లు, 30 మంది కమ్మరులు, వడ్రంగులు. వారానికి 250 పౌండ్లు కావాలన్నాడు. స్కాట్లండ్ యుద్ధానికి డబ్బు మళ్లింది. బ్యూమారిస్ ఎప్పటికీ పూర్తికాలేదు. కోటల చరిత్రలో అంత చక్కని నమూనా అసంపూర్తిగా మిగలడం బాధ కలిగించే సంగతే.

రాయే గోడకు ఏకైక మార్గం కూడా కాదు. ఓరుగల్లు మీద మాలిక్ కాఫూర్ 1310లో దండెత్తినప్పుడు కాకతీయుల మట్టికోట గోడకు విసిరిన రాయి తగిలి ఆటగింజలా వెనక్కి ఎగిరిపడేదని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. శత్రుపక్షం కవి మాట కాబట్టి దానికి విలువ ఎక్కువ. మట్టి దెబ్బను తనలోకి తీసుకుంటుంది, రాయి పగులుతుంది. ఐరోపాకు ఈ పాఠం ఫిరంగులు వచ్చాక గట్టిగా తెలిసొచ్చింది. వెయ్యేళ్లకు పైగా నిలిచిన కాన్‌స్టాంటినోపుల్ గోడలు 1453లో 53 రోజుల ముట్టడికి పడిపోయాయి. అంతవరకు ఎత్తే గోడకు బలం. ఇప్పుడు ఎత్తైన గోడ ఫిరంగికి పెద్ద గురి. ఆ తర్వాత ఇటలీలో, మిగతా దేశాల్లో కోట గోడలు పొట్టిగా, బాగా లావుగా, వెనక మట్టి దట్టించి లేచాయి.

ఈ మార్పు మొత్తాన్ని ఒకే తీరం మీద చూడాలంటే డోవర్‌కు పోవాలి. 1216లో ఫ్రెంచ్ యువరాజు లూయీ అక్కడి ఉత్తర ద్వారం బురుజు కింద తవ్వి కూల్చాడు. హ్యూబర్ట్ డి బర్గ్ ఆ సందును దూలాలతో, మనుషులతో పూడ్చి నిలబెట్టాడు. ముట్టడి ముగిశాక ఆ ద్వారాన్ని శాశ్వతంగా మూసేసి, తేలిగ్గా తవ్వలేని పడమటి వాలు మీద కొత్త ద్వారం కట్టారు. దానికి కొద్ది దూరంలో 1539లో ఎనిమిదో హెన్రీ డీల్ కోట కట్టించాడు. నేలకు కరుచుకున్నట్టుండే గుండ్రటి బురుజులు, ఎటు చూసినా ఫిరంగి కన్నాలు. 18వ శతాబ్దంలో డోవర్ కోటలోనే కొన్ని మధ్యయుగపు బురుజుల తలలు కోసేశారు. ఫిరంగులకు అడ్డు లేకుండా ఉండాలని, వాటిని నిలిపే చోటు కావాలని.